బార్డర్ మీద కాకతీయులు

పోయినేడాది ఒక స్నేహితుడి పెళ్ళికి వాట్సాప్‌లో పిలుపు వచ్చింది. సంగీత్ రోజు అందరూ ‘కాకతీయ వైభవం’ థీమ్‌లో రావాలట. సరే, స్నేహితుడి ముచ్చట మనమెందుకు కాదనాలి అని హైదరాబాద్‌లో ఒక బొటీక్‌కి వెళ్ళాను. హ్యాంగర్‌కి ఒక కుర్తా వేలాడుతోంది. రొమ్ము మీద బంగారు రంగు దారంతో వరంగల్ కోట కీర్తితోరణం. చేతుల అంచులకి ఏనుగులు. మెడ దగ్గర కట్టిన అట్టముక్క మీద ఎనిమిది వందల ఏళ్ళ వారసత్వం, శౌర్యం, సౌందర్యం, వగైరా. ధర పద్దెనిమిది వేలు.

“ఈ బట్ట ఎక్కడ నేశారండీ?” అని అడిగాను.

కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మర్యాదగానే చెప్పింది. “సార్, ఇది హెరిటేజ్ కలెక్షన్.”

నేనడిగింది ఊరు. ఆమె చెప్పింది శతాబ్దం. తప్పు ఆ అమ్మాయిది కాదు, ఆమెకి కూడా ఎవరూ చెప్పి ఉండరు.

నేను ఇంజినీరింగ్ చదివి కోడ్ రాసుకుని బతికేవాణ్ణి, బట్టల గురించి శాస్త్రం తెలిసినవాణ్ణి కాదు. కానీ మా అమ్మ పుట్టిల్లు సిరిసిల్ల. ఎండాకాలం సెలవులన్నీ సాంచల చప్పుడులో గడిచాయి కాబట్టి నా వేళ్ళకి పాలిస్టర్ తెలుసు. పట్టు అని చెప్పిన ఆ కుర్తాలో పాలిస్టర్ ఉంది. అయినా నా గొడవ దాంతో కాదు, తోరణంతో.

తోరణం రాతి కట్టడం. దాన్ని ఏ కాకతీయుడూ ఏనాడూ తొడుక్కోలేదు. కాకతీయుల కాలంలో మనుషులు ఏం కట్టుకున్నారో తెలుసుకోవాలంటే దారుల్లేవా? ఉన్నాయి. 1213 నాటి శాసనం ఉన్న రామప్ప గుడికి ఒక ఆదివారం వెళ్ళొస్తే చాలు. ఆ శిల్పాల నడుముకి చుట్టిన బట్ట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో, ఎక్కడ ముడి పడిందో శిల్పి ఓపిగ్గా చెక్కిపెట్టాడు. అదంతా చూసి, అర్థం చేసుకుని, ఈనాటి ఒంటికి తగ్గట్టు మార్చడం ఒక పని. నెలలు పడుతుంది. ఇంటర్నెట్‌లో తోరణం బొమ్మ డౌన్‌లోడ్ చేసి ఎంబ్రాయిడరీ మెషిన్‌కి ఇవ్వడం ఇంకో పని. దానికి ఒక మధ్యాహ్నం చాలు. మనం రెండో పని చేసి మొదటి పనికి ధర వసూలు చేస్తున్నాం.

అందుకే ఈ మాట గట్టిగానే అంటాను. తెలుగులో ఇప్పుడు నడుస్తున్న ‘వారసత్వ ఫ్యాషన్’లో చాలా భాగానికి దుస్తుల చరిత్రతో సంబంధం లేదు. దానికి కావలసింది చరిత్రకున్న పరువు. చరిత్ర అడిగే చాకిరీ దానికి అక్కర్లేదు.

*

ఈ మాటే సంగీత్‌లో ఒకరితో అన్నాను. డిజైన్ చదివిన మనిషి. నవ్వి, “ఇటలీలో ఫొర్తూనీ చేసింది కూడా ఇదే కదా. పాత బట్టల్లోంచి కొత్త ఫ్యాషన్” అన్నారు. ఆ పేరు నాకు ప్రూస్ట్ వల్ల తెలుసు. ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ అర్థమైంది, ఆయన చెప్పిన ఉదాహరణ ఆయన వాదానికే ఎదురు తిరుగుతుందని.

మరియానో ఫొర్తూనీ 1871లో స్పెయిన్‌లోని గ్రనడాలో పుట్టి వెనిస్‌లో స్థిరపడ్డ మనిషి. 1907 ప్రాంతంలో ‘డెల్ఫోస్’ అనే గౌను తయారుచేశాడు. గ్రీసులోని డెల్ఫీలో 1896లో తవ్వకాల్లో బయటపడ్డ కంచు రథసారథి విగ్రహం దానికి ఆధారం. ఆ సారథి ఒంటి మీద పాదాల దాకా జారే నిలువు మడతల అంగీ ఉంటుంది. ఫొర్తూనీ సన్నటి పట్టుని లెక్కలేనన్ని చిన్న చిన్న మడతలుగా పట్టాడు. బట్ట బరువుగా ఒంటిని అంటి జారడానికి కుట్ల వెంబడి మురానో గాజుపూసలు కుట్టించాడు. గౌనుని మడతపెట్టి కాకుండా తాడులాగా మెలిపెట్టి గుండ్రటి పెట్టెలో ఇచ్చేవాళ్ళు. ఆడవాళ్ళ నడుములు కార్సెట్లలో నలిగిపోతున్న రోజుల్లో ఆ గౌను కింద కార్సెట్ అక్కర్లేకపోయింది.

ఒక్క సంగతి గమనించండి. ఫొర్తూనీ డెల్ఫీ గుడి స్తంభాల్ని గౌను మీద అచ్చు వెయ్యలేదు. పాత మడత ఎలా పడిందో, బట్ట ఎలా జారిందో పట్టుకున్నాడు. అంటే అతను చదివింది దుస్తుని. మన కుర్తావాళ్ళు చదివింది పోస్ట్‌కార్డుని.

అయితే ఫొర్తూనీని కూడా నేను నెత్తిన పెట్టుకోను. ఆ మడతలు పట్టే పద్ధతికి 1909లో పారిస్‌లో అతని పేరు మీద పేటెంట్ వచ్చింది. ఆ కాగితం మీద ఫొర్తూనీయే తన చేత్తో ఒక మాట రాసిపెట్టాడు: దీన్ని కనిపెట్టింది హెన్రియెట్ అని, తొందరలో తన పేరుతో దాఖలు చేశానని. హెన్రియెట్ నెగ్రిన్ అతని సహచరి, తర్వాత భార్య. వంద ఏళ్ళు లోకమంతా ‘ఫొర్తూనీ మడత’ అనే అంది. కాగితం మీద మాత్రం నిజం ఉంది.

మా సాఫ్ట్‌వేర్ పనిలో ఒక మంచి అలవాటు ఉంది. ఏ వరుస ఎవరు రాశారో వెనక్కి వెళ్ళి చూడొచ్చు. ఏడేళ్ళ కిందట ఉద్యోగం మానేసి పోయినవాడు రాసిన వరుసకి కూడా పేరూ తేదీ ఉంటాయి. అర్ధరాత్రి సర్వర్ పడిపోయినప్పుడు తిట్టుకోవడానికైనా ఆ పేరు పనికొస్తుంది. బట్టకి అలాంటి చిట్టా లేదు. పేటెంట్ మీద ఆ చిన్న రాత లేకపోతే హెన్రియెట్ పేరు మనదాకా వచ్చేదే కాదేమో.

ప్రూస్ట్ నవలలో అల్బెర్తీన్ ఫొర్తూనీ గౌన్లు కట్టుకుంటుంది. దాంతో ఫొర్తూనీ సాహిత్యంలో చిరంజీవి అయ్యాడు. సరిగ్గా అదే ఏళ్ళలో అదే ఇటలీలో, మిలాన్‌లో, ఇంకొకామె ఇదే పనిని ఇంకో దారిలో చేస్తోంది. ఆమెకి ఏ ప్రూస్టూ దొరకలేదు.

*

ఆమె పేరు రోజా జెనోనీ. 1867లో ఆల్ప్స్ కొండల అంచున తిరానో అనే ఊళ్ళో పుట్టింది. తండ్రి చెప్పులు కుట్టేవాడు, తల్లి బట్టలు కుట్టేది. పద్దెనిమిది మంది పిల్లల్లో పెద్దది. పదేళ్ళకే మిలాన్ పంపించారు, బంధువుల కుట్టు దుకాణంలో పనికి. అక్కడ అలాంటి పిల్లల్ని ‘పిచ్చినీనా’ అనేవాళ్ళు. సూదులు అందించడం, కింద పడ్డ పిన్నులు ఏరడం, బరువైన డబ్బాలు మోసుకుని దొరసానుల ఇళ్ళకి బట్టలు చేర్చడం వాళ్ళ పని. 1902లో ఆ చిన్నపిల్లలే మిలాన్‌లో సమ్మె చేశారు. ఫ్యాషన్ చరిత్రలు గౌన్ల బొమ్మలు వేస్తాయి గానీ ఈ సమ్మె దగ్గర పెద్దగా ఆగవు.

జెనోనీ కుట్టుపని నేర్చుకుంటూనే చదువుకుంది. 1884లో కార్మిక సంఘాల తరఫున పారిస్ వెళ్ళి అక్కడే కొన్నాళ్ళు ఉండి పని నేర్చుకుంది. ఇటలీ దర్జీలు పారిస్ వెళ్ళి నమూనాలు కొనుక్కొచ్చి అచ్చుగుద్దినట్టు కుడుతున్న కాలం అది. మిలాన్‌లో కుట్టిన గౌనుకి పారిస్ పేరు ఉంటే తప్ప గిరాకీ లేదు. ఆమె అడిగింది, చిత్రకళలో లోకానికి పాఠాలు చెప్పిన దేశం జాకెట్ చెయ్యి ఎలా కత్తిరించాలో పారిస్‌ని అడగడమేమిటని.

1906లో మిలాన్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనలో ఆమె తన జవాబు చూపించింది. పదిహేనో శతాబ్దపు చిత్రకారుడు పిసనెల్లో గీసిన ఆస్థాన వేషాలు ఆధారంగా ఒక పెద్ద పైఅంగీ. బొత్తిచెల్లి ‘ప్రిమవేరా’ చిత్రంలో పూలదేవత తొడుక్కున్న గౌను ఆధారంగా ఇంకో గౌను. వాటికి గ్రాండ్ ప్రీ బహుమతి వచ్చింది. ఆ పూల గౌను ఇప్పుడు ఫ్లోరెన్స్‌లో పిట్టి రాజసౌధంలోని దుస్తుల మ్యూజియం సొత్తు.

ఇంతవరకైతే ఇదొక డిజైనర్ విజయగాథ. నాకు ముఖ్యమైంది తర్వాతది. 1905 నుంచి ఆమె మిలాన్‌లో ఉమనితారియా అనే సంస్థ ఆడపిల్లల వృత్తి బడిలో కుట్టు నేర్పింది. కుట్టుతో పాటు దుస్తుల చరిత్ర కూడా చెప్పింది. కాజా కుట్టే అమ్మాయికి పిసనెల్లో ఎందుకు? మనలో చాలామంది అడిగే ప్రశ్నే. జెనోనీ లెక్కలో, ఆ చరిత్ర అందరికన్నా ముందు కావలసింది కాజా కుట్టే అమ్మాయికే. చరిత్ర తెలిసిన చెయ్యి నమూనా కోసం పారిస్ వైపు చూడదు. యజమాని ముందు ‘ఇది ఎందుకిలా’ అని అడగగలదు. 1908లో రోములో జరిగిన మొదటి జాతీయ మహిళా మహాసభలో కూడా ఆమె ఫ్యాషన్ గురించే మాట్లాడింది. ఓటు హక్కు, చదువు, కూలీ గురించి మాట్లాడుకుంటున్న సభలో గౌన్ల ఊసు ఆమెకి తేలిక విషయం అనిపించలేదు. వేలమంది ఆడవాళ్ళ కూడు ఆ గౌన్లలోనే ఉంది.

ఆమె చేసిన దాంట్లో నాకు నచ్చని సంగతీ ఉంది. చెప్పులు కుట్టేవాడి కూతురు చరిత్రలోకి వెళ్ళి తెచ్చుకున్నది రాజాస్థానపు అంగీని. పిసనెల్లో కాలంలో తిరానో కొండల్లో గొర్రెలు కాసిన మనిషి ఏం కప్పుకున్నాడో ఆమె కుట్టలేదు. చరిత్ర అనగానే కోట గుమ్మమే గుర్తు రావడం మన ఒక్కరి జబ్బు కాదు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. ‘మన దుస్తులు మనవే’ అనే మాట ఎవరి నోట్లో పడితే వాళ్ళ మాటవుతుంది. ముస్సోలినీ ప్రభుత్వం 1930లలో జాతీయ ఫ్యాషన్ సంస్థ పెట్టింది. బట్టకి ‘ఇటాలియన్’ ముద్ర కొట్టింది. ఫ్యాషన్ భాషలోంచి ఫ్రెంచి మాటలు ఏరిపారెయ్యడానికి 1936లో ఏకంగా ఒక నిఘంటువే వచ్చింది. జెనోనీ పాతికేళ్ళ కిందటి నినాదం ఊరేగింపులో బ్యానర్ అయిపోయింది. ఆమె ఆ ఊరేగింపులో లేదు. 1915లో, యుద్ధం నడుస్తుండగా, హేగ్‌లో జరిగిన మహిళల శాంతి మహాసభకి ఇటలీ నుంచి వెళ్ళిన మనిషి ఆమె. ఫాసిస్టు ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చెయ్యడం ఇష్టం లేక 1933లో బడి వదిలేసింది. వారసత్వం పేరు చెప్పి చప్పట్లు కొట్టమన్నప్పుడు ఎక్కడ ఆగాలో కూడా ఆమె దగ్గరే నేర్చుకోవచ్చు.

*

ఇప్పుడు సిరిసిల్ల.

చివరికి ఆ కుర్తా కొన్నాను, పెళ్ళికి పోవాలి కదా. తర్వాత ఒకసారి అమ్మమ్మ ఊరికి తీసుకెళ్ళాను. మా మామ దాన్ని చేతిలోకి తీసుకుని ముందు చేసిన పని వెనక్కి తిప్పి చూడటం. నేసేవాళ్ళు బట్టని ముందు నుంచి చూడరు. పోగు చూశాడు, కుట్టు చూశాడు. తర్వాత ముందుకి తిప్పాడు.

“రొమ్ము మీద గీ దర్వాజ ఏంది అల్లుడా?”

“కాకతీయుల తోరణం మామా.”

“మరి గండ్లకెల్లి ఎవలు పోతరు?”

ఈ ఒక్క ప్రశ్నతో నా వ్యాసం అయిపోవాలి నిజానికి. కానీ నాకు ఇంకో ప్రశ్న ఉంది. “నువ్వు నేసే బట్టకి డిజైన్ ఎవరు గీస్తరు మామా?”

“మనదాంక డిజైన్ ఏడొస్తది? ఫోన్ల ఫొటో వస్తది. ఏ రంగు, ఎన్ని పోగులు, బార్డర్ ఎంత. గంతే. నేసుడు మనది, గీసుడు ఎవలదో.”

సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచ అంటారు. నూలు ఇచ్చే యజమాని ఒకరు. అది తెచ్చుకుని నాలుగైదు సాంచల మీద నేయించే ఆసామి ఒకరు. ఆ సాంచల మధ్య పన్నెండు గంటలు నిలబడే కార్మికుడు ఒకరు. వీళ్ళలో చాలామంది తాతలు చేనేత మగ్గం మీద కూర్చున్నవాళ్ళే. బతుకుతెరువు కోసం భివండికి, షోలాపూర్‌కి, సూరత్‌కి పోయినవాళ్ళూ వీళ్ళ బంధువులే. తొంభైల చివర నుంచీ ఆత్మహత్యల వార్తల వల్లే బయటి లోకానికి ఈ ఊరి పేరు తెలిసింది. ఊరి కవులు రాశారు, విలేకరులు రాశారు. అయితే ఆ రాతల్లో నేత మనిషి ఎప్పుడూ బాధితుడే. అతనికి ఒక అభిరుచి ఉంటుందని, బట్ట గురించి అతనికి చెప్పడానికి ఏదో ఉంటుందని మనం అనుకోలేదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచడం మొదలుపెట్టింది. కోటికి పైగా చీరలు. మొదటి ఏడాది సిరిసిల్ల ఒక్కటే అంత నెయ్యలేక కొంత సూరత్ సరుకు కూడా వచ్చింది. కొన్ని చోట్ల ఆడవాళ్ళు ‘ఇదేం చీర’ అని తగలబెట్టారు. తర్వాతి ఏళ్ళలో పని ఎక్కువగా సిరిసిల్లకే వచ్చింది. సాంచలకి డాబీలు బిగించి బార్డర్లు నేశారు. ఏడాదిలో కొన్ని నెలలు నమ్మకంగా పని దొరికింది.

హైదరాబాద్‌లో మన లాంటివాళ్ళం ఏం చేశాం? నవ్వుకున్నాం. పొలం చుట్టూ కంచెలాగా కట్టిన చీరల ఫొటోలు ఫార్వర్డ్ చేసుకున్నాం. నేనూ చేశాను. ఆ చీర పాలిస్టర్ నిజమే. ఎండకి ఉక్కపోస్తుంది నిజమే. అయినా కాస్త లెక్క వెయ్యండి. ఒక ప్రభుత్వం ఏటా కోటి మంది ఆడవాళ్ళకి చీర కట్టించింది. తెలుగు నేల మీద ఇంత పెద్ద ఫ్యాషన్ పోషకుడు ఇంకెవరున్నారు? ఆ చేతిలో ఉన్న అవకాశంతో సిరిసిల్లలో ఒక డిజైన్ బడి పెట్టొచ్చు. సాంచ దగ్గర నిలబడే కుర్రాళ్ళకి సాయంత్రం పూట గీయడం, రంగు కలపడం, పాత చీరల లెక్కలు నేర్పొచ్చు. అలాంటిది ఊరిలో వేళ్ళూనుకోలేదు. డిజైన్ ఫోన్లోనే వచ్చింది.

ఇంత తిట్టాక ఒక సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆ పథకంలో మామూలు చీర ఆరు మీటర్ల ముప్పై సెంటీమీటర్లు. వాటితో పాటు ముసలివాళ్ళ కోసం తొమ్మిది మీటర్ల చీరలు కూడా నేయించారు.

ఎందుకు తొమ్మిది మీటర్లు? ఉత్తర తెలంగాణలో పాత తరం ఆడవాళ్ళది గోచి కట్టు. చీరని నడుముకి చుట్టి, కుచ్చిళ్ళ కొసని కాళ్ళ మధ్య నుంచి వెనక్కి తీసి నడుము దగ్గర దోపుతారు. నాట్లకి వంగినా, మోట దగ్గర నిలబడ్డా, చెట్టెక్కినా కాళ్ళకి అడ్డం రాదు. ఆ కట్టుకి ఆరు మీటర్లు చాలవు. షాపుల్లో ఆరు మీటర్ల చీరలే దొరకడం మొదలయ్యాక చాలామంది ముసలమ్మలు ఇష్టం లేకుండానే కట్టు మార్చుకున్నారు. మార్కెట్ ఒక చరిత్రని అలా చప్పుడు లేకుండా మూడు మీటర్లు కత్తిరించింది.

మా అమ్మమ్మ రేషన్ దుకాణం నుంచి ఆ చీర తెచ్చుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను. బార్డర్ చూడలేదు. రంగు గురించి ఒక్క మాట అనలేదు. గడప మీద కూర్చుని మోచేతి నుంచి వేళ్ళ కొస దాకా ఒక్కో మూర కొలిచింది. ఇరవై దగ్గర ఆగి, “గోసికి సాలుతది” అంది. మడతపెట్టి లోపల పెట్టుకుంది.

వారసత్వ దుస్తులు అనే మాటకి నాకు తెలిసిన అర్థం అదే. అందులో బొమ్మ లేదు, కొలత ఉంది. ఎవరో ఒక గుమస్తానో, అధికారో, నేత సంఘం మనిషో ‘ముసలోళ్ళు గోచి పెడతరు కదా, వాళ్ళకి గిది సాలదు’ అని ఎక్కడో ఒక మాట అని ఉంటారు. దాన్ని ఎవరూ హెరిటేజ్ అనలేదు, ర్యాంప్ మీద నడిపించలేదు. పద్దెనిమిది వేల కుర్తా చెయ్యలేని పనిని పాలిస్టర్ సర్కారు చీర చేసింది. పాత కట్టు ఎలా ఉంటుందో తెలుసుకుని, దానికి సరిపడా బట్ట నేసింది. జెనోనీ పద్ధతికి మన నేల మీద నాకు కనిపించిన దగ్గరి బంధువు అదే.

ప్రభుత్వం మారాక బతుకమ్మ చీరలు ఆగిపోయాయి. 2024లో సాంచలు ఖాళీగా ఉండి, మళ్ళీ చావు వార్తలు వచ్చాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో ఆర్డర్లు మొదలయ్యాయి. ఒక ఊరి బతుకు ఇలా ఒక జీవో నుంచి ఇంకో జీవో దాకా వేలాడుతోంది. ఏ కుర్తాలో చూసినా కాకతీయులు మాత్రం క్షేమంగానే ఉన్నారు.

*

గోదావరి దాటి ఆదిలాబాద్ వైపు వెళ్తే ఈ గొడవకి ఇంకో ముఖం కనిపిస్తుంది.

2020 అక్టోబర్‌లో ‘ఆర్ఆర్ఆర్’ టీజర్ వచ్చినప్పుడు కొమురం భీం పాత్ర తల మీద టోపీ గురించి ఎంత రచ్చ జరిగిందో గుర్తుందా? ఆ రచ్చంతా మతం గురించి. భీం, ఆయన తోటి గోండులు 1930లలో నిజంగా ఏం కట్టుకున్నారు, తలకి ఏం చుట్టుకున్నారు అనే ప్రశ్న ఆ గోలలో నాకు ఎక్కడా వినపడలేదు. అది జవాబు లేని ప్రశ్న కూడా కాదు. భీం 1940లో జోడేఘాట్‌లో చనిపోయాడు. తర్వాతి ఏళ్ళలోనే హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి పనిచేశాడు. ఆదిలాబాద్ రాజ్ గోండుల మీద ఆయన పుస్తకం 1948లో వచ్చింది. ఆయన తీసిన ఫొటోలు లండన్‌లో ఒక విశ్వవిద్యాలయం దగ్గర భద్రంగా ఉన్నాయి. పిసనెల్లో బొమ్మలు చాలా పారిస్‌లో ఉన్నట్టు మన మనుషుల బొమ్మలు లండన్‌లో. ఒక సినిమాకి అంత ఖర్చుపెట్టగలిగిన మనం, అంత కొట్లాడుకోగలిగిన మనం, ఆ ఫొటోల ముందు ఒక గంట కూర్చోలేకపోయాం.

ఇంకోవైపు, కూర్చోకుండానే తీసేసుకునేవీ ఉన్నాయి. దీపావళి రోజుల్లో దండారీ ఆడే గుస్సాడీల నెమలి ఈకల టోపీ ఇప్పుడు పెళ్ళి అలంకరణవాళ్ళకి ‘ట్రైబల్ థీమ్’. గోండులకి అది దీక్షలో ఉన్న మనిషి పెట్టుకునేది, పూజలు చేసి పైకి తీసేది. మర్లవాయి గుస్సాడీ కళాకారుడు కనకరాజుకి 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు మనమంతా గర్వపడ్డాం. ఆయన 2024లో చనిపోయారు. ఆయన తల మీద ఉన్నదాన్ని అడగకుండా తీసుకొచ్చి డీజే పక్కన తగిలించడానికి మనకి సిగ్గు అనిపించలేదు.

ఫొర్తూనీకి, జెనోనీకి ఒక వెసులుబాటు ఉంది. వాళ్ళు ఎవరి దుస్తుల నుంచి నేర్చుకున్నారో ఆ మనుషులు ఎప్పుడో పోయారు. కంచు సారథి లేచి ‘నన్నడిగావా?’ అనడు. మన పరిస్థితి అది కాదు. మన ‘చరిత్ర’ ఉట్నూరు సంతలో ఎదురవుతుంది. దాన్ని అడగొచ్చు. అది కాదనొచ్చు కూడా. కాదంటే వినాలి.

*

“అయితే ఏమంటావు, అందరూ ఖాదీ కట్టుకుని మ్యూజియంలో కూర్చోవాలా?” అని మీరు అడుగుతారు. కాదు. మన దగ్గర నిజంగా మగ్గం పక్కన కూర్చుని పనిచేసే డిజైనర్లు ఉన్నారు. నా మాట వాళ్ళకి తగలదు. సిరిసిల్లలోనే వెల్ది హరిప్రసాద్ చేనేత మగ్గం మీద జీ20 లోగో నేస్తే 2022లో ప్రధాని రేడియోలో ఆయన పేరు చెప్పారు. నేర్పు లేని ఊరు కాదది. అయితే ఆ నేర్పు కబురు చెప్పి పంపిన లోగోలకి మాత్రమే పనికొస్తే ఎలా?

నేను అడిగేవి చిన్నవే. ఒకటి: హెరిటేజ్ అని రాసిన ప్రతి అట్టముక్క మీద శతాబ్దంతో పాటు ఊరు కూడా రాయండి. చేనేతా, మరమగ్గమా, ఏ పోగు, ఎవరు నేశారు. పేటెంట్ కాగితం మీద ఫొర్తూనీ రాసినంత చిన్న రాత చాలు.

రెండు: దుస్తుల చరిత్ర చెప్పే పాఠం నేసేవాళ్ళ దగ్గరికి పోవాలి. హైదరాబాద్‌లో నిఫ్ట్ 1995 నుంచీ ఉంది. చేనేత సాంకేతిక సంస్థ కూడా 2024లో మొదలైంది. దానికి పేరు పెట్టింది కొండా లక్ష్మణ్ బాపూజీది, ఆదిలాబాద్ జిల్లా వాంకిడిలో పుట్టి చేనేత సహకార సంఘాల కోసం బతికినాయనది. ఆ పేరుకి న్యాయం జరగాలంటే సిరిసిల్లలో రాత్రి షిఫ్టుకి ముందు ఒక గంట క్లాసు నడవాలి. అందులో మా మామ లాంటివాళ్ళు విద్యార్థులే కాదు, కొన్ని రోజులు పంతుళ్ళు కూడా కావాలి. తొమ్మిది మీటర్ల లెక్క వాళ్ళ దగ్గరే ఉంది.

మూడోది మనకి, అంటే ఇలాంటి వ్యాసాలు రాసేవాళ్ళకి, చదివేవాళ్ళకి. ఒక నవలలో రాణి పట్టుచీర గురించి రెండు పేజీల వర్ణన వస్తే ‘ఎంత పరిశోధన!’ అని మెచ్చుకుంటాం. ఆ చీర ఎన్ని మూరలో, ఎలా కట్టారో, ఎవరు నేశారో రచయితకి తెలుసా అని అడగం. అడుగుదాం. రాణి చీర గురించి అడిగినట్టే కూలికి పోయే మనిషి గోచి గురించీ, గొల్ల మనిషి గొంగడి గురించీ అడుగుదాం.

మా అమ్మమ్మ ఇప్పుడు లేదు. ఆ తొమ్మిది మీటర్ల చీర అమ్మ దగ్గర ఉంది. అమ్మకి గోచి కట్టడం రాదు, నా భార్యకీ రాదు. కట్టడం తెలిసినవాళ్ళు మా వీధిలో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. వచ్చే దసరాకి వెళ్ళినప్పుడు అడిగి, వాళ్ళు సరేనంటే, ఎలా కడతారో వీడియో తీసిపెట్టాలి. కుర్తాని మాత్రం మామ దగ్గరే వదిలేసి వచ్చాను. సాంచ తుడవడానికి బాగుందట.